ఒక్కసారి వచ్చిన ఇంటరప్ట్ మళ్లీ రావడం లేదు: తప్పు డ్రైవర్‌దా, చిప్‌దా?

#1 బోర్డుబాబు
మూడు వారాలుగా ఒకే చోట ఇరుక్కుపోయి ఉన్నాను. మా సంస్థ ఒక ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగల చిప్) బోర్డు మీద రెండు రిస్క్-ఫైవ్ (ఓపెన్ ప్రాసెసర్ ప్రమాణం) కోర్లతో పారిశ్రామిక కంట్రోలర్‌ను తయారు చేస్తోంది. ఇంటరప్ట్ కంట్రోలర్‌ను (పరికరాల పిలుపులను ప్రాసెసర్‌కు చేర్చే బ్లాకును) బయట కొనకుండా, రిస్క్-ఫైవ్ ప్లిక్ (అలాంటి కంట్రోలర్‌కు ఉన్న ప్రామాణిక నమూనా) స్పెక్ చూసి మా హార్డ్‌వేర్ బృందమే రాసుకుంది. దానికి లైనక్స్ డ్రైవర్ రాసే పని నాకు అప్పగించారు. ఒక పాత వెండర్ (చిప్ అమ్మే సంస్థ) కెర్నెల్‌లో దొరికిన ప్లిక్ డ్రైవర్‌ను నమూనాగా పెట్టుకుని, కొత్త పేర్లు తగిలించి, 6.6 కెర్నెల్ మీద నడిపిస్తున్నాను.

యూఆర్ట్ (సీరియల్ కన్సోల్) పనిచేస్తోంది. ఈథర్‌నెట్ కూడా రోజంతా ఆగకుండా నడుస్తోంది. ఐ2సీ అనే నిదానమైన రెండు తీగల బస్సు మీద ఉన్న టచ్ కంట్రోలర్ మాత్రం బూట్ అయ్యాక తెరను మొదటిసారి తాకినప్పుడు ఒక్క ఇంటరప్ట్ ఇచ్చి, ఆ తరువాత ఎన్నిసార్లు తాకినా ఉలకదు, పలకదు. ప్రాక్ ఇంటరప్ట్స్‌లో (కెర్నెల్ ఇంటరప్ట్‌ల లెక్క చూపే ఫైలులో) దాని లెక్క 1 దగ్గర ఆగిపోయి ఉంటుంది. హార్డ్‌వేర్ వారిని అడిగితే మాది అక్షరాలా స్పెక్ ప్రకారమే ఉందని అంటున్నారు. మా సీనియర్‌కు కోడ్ చూపిస్తే, స్పిన్‌లాక్ (ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా కాపాడే తాళం) తప్పు అని ఒక వాక్యం, మాస్క్‌కూ (ఇంటరప్ట్‌ను ఆపడం) ఇఓఐకూ (ఇంటరప్ట్ పని ముగిసిందని కంట్రోలర్‌కు చెప్పడం) ఉన్న సంబంధం నీకు అర్థం కాలేదని ఇంకో వాక్యం రాసి ప్యాచ్ వెనక్కి పంపారు. ఆ రెండో వాక్యాన్ని ఎవరైనా విడమరచి చెప్పగలరా?

#2 సీతమ్మధార_శ్రీను
టచ్ చిప్పుల ఇంటరప్ట్ లైను సాధారణంగా ‘యాక్టివ్-లో’ తరహాది, అంటే కింది స్థాయికి దిగితేనే పిలుపు. ప్లిక్ అయితే పై స్థాయినే ఇంటరప్ట్‌గా తీసుకుంటుంది. మధ్యలో సిగ్నల్‌ను తిరగేసే ఇన్వర్టర్ లేకపోతే మీరు చూస్తున్నది వేలు తీసినప్పుడు వచ్చే ఇంటరప్ట్ అయి ఉండవచ్చు. ముందు పొలారిటీ చూసుకోండి.

#3 బోర్డుబాబు
శ్రీను గారూ, ఇన్వర్టర్ ఎఫ్‌పీజీఏ లోపలే ఉంది. లాజిక్ ఎనలైజర్ పెట్టి చూశాను. రెండోసారి తాకగానే ప్లిక్‌లోకి వెళ్లే తీగ పైకి లేచి, అలా పైనే ఉండిపోతోంది. అంటే టచ్ చిప్ తన వంతు పిలుపు పిలిచి, ఎవరైనా వచ్చి డేటా చదువుతారని ఎదురుచూస్తోంది.

#4 పాతకెర్నెల్
మూడు విషయాలు చెప్పండి. తీగ పైన ఉన్న ఆ సమయంలో ప్లిక్‌లో ఆ సోర్సు (ఇంటరప్ట్ పంపే పరికరం) పెండింగ్ బిట్ ఎంత? మీ మాస్క్ ఫంక్షన్ ఏ రిజిస్టర్‌ను మారుస్తుంది? టచ్ డ్రైవర్ ఇంటరప్ట్‌ను థ్రెడ్‌తో (అసలు పనిని తరువాత విడిగా చేసేలా) అడిగిందా, మామూలుగా అడిగిందా?

#5 బోర్డుబాబు
పెండింగ్ బిట్ 0గా ఉంది. నాకు వింతగా తోచింది కూడా అదే. మాస్క్ ఎనేబుల్ రిజిస్టర్‌లో ఆ సోర్సు బిట్‌ను తుడిచేస్తుంది, అన్‌మాస్క్ దాన్ని తిరిగి పెడుతుంది. టచ్ డ్రైవర్ థ్రెడెడ్ హ్యాండ్లర్‌తో, వన్‌షాట్ ఫ్లాగ్‌తో అడుగుతోంది. ఐ2సీ చదవాలంటే నిద్రపోక తప్పదు కాబట్టి అది సహజమే అనుకున్నాను.

#6 పాతకెర్నెల్
మీ బగ్ మొత్తం ఆ మూడు సమాధానాల్లోనే ఉంది. జరుగుతున్నదాన్ని వరుసగా చెబుతాను, మీ కోడ్ పక్కన పెట్టుకుని చదవండి.

టచ్ తీగ పైకి లేచినప్పుడు ప్లిక్ గేట్‌వే (సోర్సు తీగ లోపలికి వచ్చే ద్వారం) ఒక అభ్యర్థనను లోపలికి పంపి తన తలుపు మూసుకుంటుంది. ఆ అభ్యర్థన పూర్తయిందని కంప్లీట్ సందేశం వచ్చేవరకు, తీగ ఎంతసేపు పైన ఉన్నా ఇంకో అభ్యర్థనను పంపదు. హార్ట్ (రిస్క్-ఫైవ్ భాషలో హార్డ్‌వేర్ థ్రెడ్, ఇక్కడ ఒక కోర్) చేతిలో పని ఆపి ట్రాప్‌లోకి వెళ్లి క్లెయిమ్ రిజిస్టర్ చదవగానే సోర్సు సంఖ్య చేతికి వస్తుంది, పెండింగ్ బిట్ 0 అవుతుంది. అక్కడి నుంచి ఫాస్ట్ ఇఓఐ ఫ్లో హ్యాండ్లర్ (మాస్క్, ఇఓఐ వంటివాటిని వరుసగా పిలిచే కెర్నెల్ కోడ్) పని మొదలవుతుంది. ఇది వన్‌షాట్ ఇంటరప్ట్ కాబట్టి థ్రెడ్ తన పని ముగించేలోగా మళ్లీ రాకుండా ఉండేందుకు ఫ్లో హ్యాండ్లర్ ముందు మాస్క్‌ను పిలుస్తుంది, మీరు ఎనేబుల్ బిట్ తుడిచేస్తారు. ట్రాప్‌లో నడిచే హ్యాండ్లర్ థ్రెడ్‌ను లేపి వెంటనే తిరిగి వచ్చేస్తుంది. ఆ థ్రెడ్ కోసం ఆగకుండా ఫ్లో హ్యాండ్లర్ ఇఓఐని పిలుస్తుంది, మీరు సోర్సు సంఖ్యను కంప్లీట్ రిజిస్టర్‌లో రాస్తారు.

ఇక్కడే స్పెక్‌లో ఉన్న ఒక చిన్న వాక్యం కాలికి తగులుతుంది. కంప్లీట్‌లో రాసిన సంఖ్య ఆ సమయంలో ఆ టార్గెట్‌కు (ఇంటరప్ట్ అందుకునే హార్ట్‌కు) ఎనేబుల్ అయి ఉన్న సోర్సు కాకపోతే, ప్లిక్ ఆ కంప్లీట్‌ను నోరెత్తకుండా వదిలేస్తుంది. మీరు ఎనేబుల్ బిట్‌ను అప్పటికే తుడిచేశారు. మూసేసిన కౌంటర్ కిటికీ ముందు రసీదు పెట్టి వచ్చినట్లయింది. తరువాత థ్రెడ్ ఐ2సీ చదివి, పని ముగించి, అన్‌మాస్క్ చేయించినా గేట్‌వే తలుపు మూసే ఉంటుంది. తీగ పైన, పెండింగ్ 0, లెక్క 1. మీరు చూసినది సరిగ్గా అదే.

#7 లాజిక్_లలిత
ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోని ఇంటరప్ట్‌ల గురించి కెర్నెల్ ఏడవడమే చూశాను. పట్టించుకున్నా చెల్లుబాటు కాని ఇంటరప్ట్‌ను చూడడం ఇదే మొదటిసారి.

#8 కూకట్‌పల్లి_కోడర్
#6 బాగానే ఉంది, అయితే యూఆర్ట్, ఈథర్‌నెట్ ఎలా పనిచేస్తున్నాయి? అవి కూడా అదే ప్లిక్ మీదుగానే వస్తున్నాయి కదా.

#9 పాతకెర్నెల్
అవి వన్‌షాట్ కావు కాబట్టి వాటి విషయంలో ఫ్లో హ్యాండ్లర్ మాస్క్‌ను పిలవదు. యూఆర్ట్ హ్యాండ్లర్ పని అంతా ట్రాప్‌లోనే ముగించి వస్తుంది. ఈథర్‌నెట్ నాపీ పద్ధతిలో నడుస్తుంది, అంటే ఇంటరప్ట్‌ను ఆపవలసి వచ్చినప్పుడు తన సొంత రిజిస్టర్‌లోనే ఆపుకుంటుంది, ప్లిక్ జోలికి రాదు. రెండు సందర్భాల్లోనూ ఇఓఐ రాసే సమయానికి ఎనేబుల్ బిట్ పెట్టే ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే కెర్నెల్ కమాండ్ లైనులో థ్రెడ్‌ఐఆర్‌క్యూస్ అన్న మాట చేర్చి బూట్ చేయండి. ఇంటరప్ట్ హ్యాండ్లర్లలో దాదాపు అన్నింటినీ కెర్నెల్ బలవంతంగా థ్రెడ్‌లుగా మార్చి వాటికి వన్‌షాట్ తగిలిస్తుంది. నేను చెప్పినది నిజమైతే మీ బోర్డు మీద ఒక్క పరికరం కూడా బతకకూడదు.

#10 బోర్డుబాబు
బతకలేదు. కెర్నెల్ బూట్ సందేశాలన్నీ వచ్చాయి, యూజర్ స్పేస్ మొదలవగానే కన్సోల్ అర వాక్యం దగ్గర ఆగిపోయింది. మూడు వారాల పాటు టచ్ డ్రైవర్‌ను అనుమానించాను, ఒక్క మాటతో బోర్డు మొత్తం మూగబోయింది. ఇంత ఆనందంగా ఏ బోర్డూ నా చేతిలో చావలేదు.

#11 సీతమ్మధార_శ్రీను
పొలారిటీ గురించి నేను చెప్పిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను. పరిష్కారం మాత్రం మూడు వరుసల్లో అయిపోతుంది. ఇఓఐ లోపల ఇంటరప్ట్ మాస్క్ అయి ఉందేమో చూసి, ఉంటే ఎనేబుల్ చేసి, కంప్లీట్ రాసి, మళ్లీ మాస్క్ చేయాలి. ప్రధాన కెర్నెల్‌లోని సైఫైవ్ ప్లిక్ డ్రైవర్‌లో ఇదే బగ్‌ను 2021లో సరిగ్గా ఇలాగే సరిచేశారు.

#12 కూకట్‌పల్లి_కోడర్
అంత తిప్పలు ఎందుకు? ఫాస్ట్ ఇఓఐ బదులు లెవెల్ ఫ్లో హ్యాండ్లర్ పెట్టేసి, కంప్లీట్‌ను యాక్‌లో (ఇంటరప్ట్ అందిందని చిప్‌కు చెప్పే చోట) రాస్తే సరిపోతుంది. వద్దనుకుంటే ఇఓఐని థ్రెడ్ ముగిసేదాకా ఆపే ఫ్లాగ్ ఒకటి ఐఆర్‌క్యూ చిప్‌లో (కెర్నెల్‌లో ఇంటరప్ట్ కంట్రోలర్‌ను వర్ణించే నిర్మాణం) ఉండనే ఉంది.

#13 రిజిస్టర్_రమణ
#12లోని రెండు దారులూ తిరిగి అదే గుంటలోకి దించుతాయి. లెవెల్ ఫ్లో ముందు మాస్క్ చేసి ఆ తరువాతే యాక్ పిలుస్తుంది, కాబట్టి కంప్లీట్ రాసేసరికి ఎనేబుల్ బిట్ లేదు. పైగా ఇప్పుడు వన్‌షాట్ కాని ఇంటరప్ట్‌లు కూడా చస్తాయి. ఇక రెండో దారిలో, థ్రెడ్ ముగిశాక కెర్నెల్ మొదట ఇఓఐని పిలిచి తరువాత అన్‌మాస్క్ చేస్తుంది. ఆ ఇఓఐ కూడా మాస్క్ కిందే జరుగుతుంది. ఫ్లో హ్యాండ్లర్ ఫైలు తెరిచి ఏది ముందు, ఏది వెనుక అన్నది కాగితం మీద రాసుకోకుండా ఫ్లో మార్చమని సలహా ఇవ్వకూడదు. నేను కూడా అలా సలహా ఇచ్చి ఒకసారి చీవాట్లు తిన్నాను.

#14 కూకట్‌పల్లి_కోడర్
కాగితం మీద రాసుకున్నాను. చీవాట్లు స్వీకరించాను.

#15 మ్యూనిచ్_మాధవి
#11తో నాకు పేచీ ఉంది. 2021 నాటి ఆ సవరణ పనిచేస్తుంది, కాని ప్రధాన కెర్నెల్ అక్కడితో ఆగలేదు. ఎనేబుల్ రిజిస్టర్ ఒక్కొక్కటి 32 సోర్సులకు ఉమ్మడి. ఒక బిట్ మార్చాలంటే పదం మొత్తాన్ని చదివి, మార్చి, తిరిగి రాయాలి, దానికి లాక్ పట్టుకోవాలి. వన్‌షాట్ ఇంటరప్ట్ వచ్చిన ప్రతిసారీ మాస్క్‌లో ఒకటి, ఇఓఐలో రెండు, అన్‌మాస్క్‌లో ఒకటి, వెరసి నాలుగుసార్లు ఈ తంతు జరుగుతుంది. ఖర్చు కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది దాని అర్థం: మాస్క్ చేయమని చెప్పిన ఇంటరప్ట్‌ను మనమే ఒక క్షణం తెరుస్తున్నాం.

2022లో వచ్చిన మార్పు చూడండి. ఎనేబుల్ బిట్‌ను ఎనేబుల్, డిజేబుల్ అనే కాల్‌బ్యాక్‌లకు (కెర్నెల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్లకు) మాత్రమే వదిలేసి, మాస్క్, అన్‌మాస్క్‌లను ప్రయారిటీ రిజిస్టర్ మీదికి మార్చారు. ప్రయారిటీ 0 అంటే ఆ సోర్సు ఎన్నటికీ ఇంటరప్ట్ చేయదు. 1 రాస్తే తిరిగి వస్తుంది. ప్రయారిటీ రిజిస్టర్ సోర్సుకు ఒకటి చొప్పున విడిగా ఉంటుంది కాబట్టి చదివి మార్చే పని లేదు, లాక్ అవసరం లేదు. మాస్క్ అయి ఉన్నా ఎనేబుల్ బిట్ పెట్టే ఉంటుంది కాబట్టి కంప్లీట్ చెల్లుతుంది. బోర్డుబాబు గారూ, మీ సీనియర్ రెండో వాక్యానికి అర్థం ఇదే అనుకుంటున్నాను. మాస్క్ అంటే కాసేపు రావద్దనడం, డిజేబుల్ అంటే ఈ హార్ట్‌కూ ఈ సోర్సుకూ సంబంధం తెంచడం. మీరు రెండింటికీ ఒకే బిట్ వాడారు.

#16 సీతమ్మధార_శ్రీను
మాధవి గారి మాట ఒప్పుకుంటాను, అయితే ఒక చిక్కు మిగిలే ఉంది. హ్యాండ్లర్ లోపలే డిజేబుల్ ఐఆర్‌క్యూ పిలిచే పాత తరహా డ్రైవర్లు చాలా ఉన్నాయి. చిప్‌కు డిజేబుల్ కాల్‌బ్యాక్ ఉంటే కెర్నెల్ దాన్ని వాయిదా వేయకుండా అప్పుడే పిలుస్తుంది. అప్పుడు ఎనేబుల్ బిట్ పోతుంది, వెనుక వచ్చే ఇఓఐ మళ్లీ గాలిలో కలుస్తుంది.

#17 మ్యూనిచ్_మాధవి
నిజమే, దాన్ని 2024లో విడిగా సరిచేశారు. ఇఓఐలో ఇంటరప్ట్ డిజేబుల్ అయి ఉందా అని చూసి, అరుదైన ఆ ఒక్క సందర్భంలో మాత్రం ఎనేబుల్ చేసి, కంప్లీట్ రాసి, తిరిగి డిజేబుల్ చేస్తారు. అంటే మీ #11 పరిష్కారం దొడ్డిదారిన లోపలికి వచ్చింది, కాకపోతే నిత్యం నడిచే దారిలో లేదు. స్పెక్‌లోని ఒకే ఒక్క వాక్యానికి మూడేళ్లలో మూడు సవరణలు పట్టాయి.

#18 లాజిక్_లలిత
నేను హార్డ్‌వేర్ వైపు మనిషిని కాబట్టి మా వాళ్ల తరఫున ఒక మాట చెప్పాలి. ఆ వాక్యం స్పెక్‌లో దాచిపెట్టినది కాదు, కంప్లీట్ గురించి ఉన్న చిన్న పేరాలోనే ఉంది. ఎనేబుల్ లేని టార్గెట్ నుంచి వచ్చిన కంప్లీట్‌ను అంగీకరిస్తే, ఒక హార్ట్ సేవలో ఉన్న ఇంటరప్ట్‌ను ఇంకో హార్ట్ పొరపాటున ముగించే ప్రమాదం ఉంటుంది. అందుకే ఆ తనిఖీ.

#19 రిజిస్టర్_రమణ
తనిఖీతో పేచీ లేదు. నోరెత్తకుండా వదిలేయడంతోనే పేచీ. ఒక ఎర్రర్ బిట్ ఎక్కడో పెట్టి ఉంటే బోర్డుబాబు గారి మూడు వారాలు మూడు నిమిషాలు అయ్యేవి. స్పెక్ అడగకపోయినా మీ బ్లాకులో డీబగ్ కోసం అలాంటి బిట్ ఒకటి పెట్టడానికి ఏ అడ్డూ లేదు.

#20 లాజిక్_లలిత
అది న్యాయమైన కోరికే. ఒక ఫ్లిప్‌ఫ్లాప్ ఖర్చు.

#21 అర్ధరాత్రి_బూట్
మొదటి వాక్యాన్ని, అంటే స్పిన్‌లాక్ సంగతిని, అందరూ మరిచిపోయారు. బోర్డుబాబు గారు మామూలు స్పిన్‌లాక్ వాడి ఉంటారని ఊహిస్తున్నాను. ఐఆర్‌క్యూ చిప్ కాల్‌బ్యాక్‌లను కెర్నెల్ కోర్ తన డిస్క్రిప్టర్ లాక్ పట్టుకుని, ఇంటరప్ట్‌లు ఆపి పిలుస్తుంది. ఆ లాక్ రా స్పిన్‌లాక్. దాని లోపల మీరు మామూలు స్పిన్‌లాక్ పట్టుకుంటే సాధారణ కెర్నెల్‌లో ఏమీ తెలియదు, ఎందుకంటే అక్కడ రెండూ ఒకటే. ప్రీఎంప్ట్ ఆర్‌టీ (రియల్ టైమ్) కెర్నెల్‌లో మాత్రం మామూలు స్పిన్‌లాక్ నిద్రపోగల తాళంగా మారిపోతుంది. రా లాక్ చేతిలో పట్టుకుని నిద్రపోవడం కుదరదు కాబట్టి అక్కడే కూలుతుంది.

ఆర్‌టీ కెర్నెల్ మీ దగ్గర లేకపోయినా ఈ తప్పు పట్టుకోవచ్చు. లాక్‌డెప్‌తో (తాళాల వాడకంలో తప్పులు పట్టే కెర్నెల్ తనిఖీతో) పాటు రా లాక్ నెస్టింగ్ తనిఖీని కాన్ఫిగ్‌లో పెట్టండి. ఇన్వాలిడ్ వెయిట్ కాంటెక్స్ట్ అని మొదటి బూట్‌లోనే అరుస్తుంది. నేను రివ్యూ చేసే ప్రతి ఇంటరప్ట్ కంట్రోలర్ ప్యాచ్‌లో మొదట వెతికేది ఇదే, పది ప్యాచ్‌లు చూస్తే రెండు మూడింట్లో దొరుకుతుంది.

#22 బోర్డుబాబు
మామూలు స్పిన్‌లాకే. మా ఉత్పత్తి ఆర్‌టీ మీద నడవదు కదా, అయినా మార్చాలా?

#23 అర్ధరాత్రి_బూట్
మార్చాలి. ఆర్‌టీ ఇప్పుడు బయటి ప్యాచ్ కాదు. దాదాపు 20 ఏళ్లు బయట ఉన్న ఆ పని 2024లో 6.12తో ప్రధాన కెర్నెల్‌లోకి వచ్చింది, మొదటి విడతలోనే రిస్క్-ఫైవ్‌కు కూడా వచ్చింది. వియన్నా సమావేశంలో ఆర్‌టీ పనిని నడిపించిన థామస్ గ్లైక్స్‌నర్ ఆ పుల్ రిక్వెస్ట్‌ను కాగితం మీద ముద్రించి, బంగారు రంగు కాగితంలో చుట్టి లైనక్స్ సృష్టికర్త లైనస్ చేతికి ఇచ్చారు. పారిశ్రామిక కంట్రోలర్ అంటున్నారు కాబట్టి, వచ్చే ఏడాది మీ కస్టమర్ ఆర్‌టీ అడగరని నేను పందెం కాయను.

#24 సీతమ్మధార_శ్రీను
లాక్‌లో నిద్ర అంటే నా పాత గాయం ఒకటి గుర్తొచ్చింది. ఐ2సీ మీద కూర్చున్న జీపీఐఓ ఎక్స్‌పాండర్‌కు ఇంటరప్ట్ సౌకర్యం రాస్తూ, మాస్క్ కాల్‌బ్యాక్‌లోనే ఐ2సీ రైట్ పెట్టాను. మొదటి బటన్ నొక్కగానే అటామిక్‌లో షెడ్యూలింగ్ అంటూ తెర నిండా స్టాక్ ట్రేస్. అలాంటి చిప్‌లకు బస్ లాక్, బస్ సింక్ అన్‌లాక్ అనే జత ఉంటుంది. మాస్క్ లోపల మెమరీలోని కాపీని మాత్రం మార్చి, సింక్ అన్‌లాక్‌లో నిదానంగా ఐ2సీ రాయాలి. రెగ్‌మ్యాప్ వాడే చిప్ అయితే ఇది కూడా సొంతంగా రాయనక్కర లేదు, రెగ్‌మ్యాప్ ఐఆర్‌క్యూ అంతా చేసిపెడుతుంది. బోర్డుబాబు గారి ప్లిక్‌కు దీనితో పని లేదు, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఉంటుందని రాశాను.

#25 పాతకెర్నెల్
ఇంతసేపూ అడగవలసిన అసలు ప్రశ్న అడగలేదు. మీ బ్లాక్ స్పెక్ ప్రకారమే ఉందని హార్డ్‌వేర్ వారు ప్రమాణం చేస్తున్నారు. అలాంటప్పుడు కొత్త డ్రైవర్ ఎందుకు రాశారు? ప్రయారిటీ 0 నుంచి, పెండింగ్ 0ఎక్స్1000 నుంచి, ఎనేబుల్ 0ఎక్స్2000 నుంచి, క్లెయిమ్ ఉన్న కాంటెక్స్ట్ పేజీలు 0ఎక్స్200000 నుంచి మొదలవుతుంటే అది ప్రధాన కెర్నెల్ డ్రైవర్ ఎరిగిన ప్లిక్కే. డివైస్ ట్రీలో (హార్డ్‌వేర్ వివరాలను కెర్నెల్‌కు చెప్పే ఫైలులో) మీ చిప్ పేరుతో ఒక కంపాటిబుల్ (డ్రైవర్ గుర్తుపట్టే పేరు), దాని వెనుక సైఫైవ్ ప్లిక్ 1.0.0 ఫాల్‌బ్యాక్ పెట్టండి. సోర్సుల సంఖ్యను రిస్క్‌వీ ఎన్‌డెవ్‌లో ఇవ్వండి. ఇంటరప్ట్స్ ఎక్స్‌టెండెడ్‌లో ప్రతి హార్ట్‌కు ఎం-మోడ్‌కు (ఫర్మ్‌వేర్ స్థాయి) 11, ఎస్-మోడ్‌కు (కెర్నెల్ స్థాయి) 9, మీ హార్డ్‌వేర్ కాంటెక్స్ట్‌ల వరుసలోనే రాయండి. ఆ వరుస తప్పితే ఒక హార్ట్ క్లెయిమ్ ఇంకో హార్ట్ పేజీలో వెతుక్కుంటుంది.

మీరు నమూనాగా తీసుకున్న వెండర్ కెర్నెల్‌లో 2021, 2022, 2024 సవరణలు ఏవీ లేవు. సస్పెండ్ తరువాత ప్రయారిటీలు, ఎనేబుల్ బిట్లు తిరిగి రాసే కోడ్ కూడా అందులో ఉండదు. కాపీ చేసిన రోజు నుంచి ఆ అప్పులన్నీ మీ పేరు మీదికి వచ్చాయి.

#26 బోర్డుబాబు
రిజిస్టర్ చిరునామాలు అన్నీ మీరు చెప్పినట్లే ఉన్నాయి. కొత్త డ్రైవర్ రాయడానికి ఒక కారణం ఉంది, అది చాలినంతదో కాదో మీరే చెప్పాలి. మా బ్లాకులో నాలుగు సోర్సులు ఎడ్జ్ తరహావి (తీగ స్థాయి మారిన క్షణాన్నే పట్టుకునేవి), ఎన్‌కోడర్ (తిరుగుడును కొలిచే సెన్సర్) పల్స్‌ల కోసం పెట్టుకున్నవి. ఒక పల్స్‌కు కంప్లీట్ అందేవరకు గేట్‌వే తరువాతి ఎడ్జ్‌లను పట్టుకోదు.

#27 మ్యూనిచ్_మాధవి
చాలదు. ప్రధాన డ్రైవర్‌లో ఎడ్జ్ ఇంటరప్ట్‌ల కోసం ఒక క్వర్క్ (చిప్ వింత ప్రవర్తన కోసం పెట్టే ప్రత్యేక కోడ్) ఇప్పటికే ఉంది. ఆండీస్ వారి ఎన్‌సీఈప్లిక్100 కూడా ముందు ఎడ్జ్‌కు కంప్లీట్ వచ్చేదాకా తరువాతి ఎడ్జ్‌ను పట్టించుకోదు, దానికోసమే 2022లో ఆ క్వర్క్ చేర్చారు. ఎడ్జ్ సోర్సులకు ఎడ్జ్ ఫ్లో హ్యాండ్లర్ పెట్టి, అది హ్యాండ్లర్ కన్నా ముందే పిలిచే యాక్‌లో కంప్లీట్ రాస్తారు. అలా హ్యాండ్లర్ నడుస్తుండగానే గేట్‌వే తలుపు తెరుచుకుని తరువాతి పల్స్‌ను అందుకుంటుంది. ఆ క్వర్క్ ఉన్న చిప్‌లకు డివైస్ ట్రీలో ఇంటరప్ట్ సెల్స్ 1 బదులు 2 ఉంటాయి, రెండోది ట్రిగ్గర్ తరహా చెబుతుంది. మీకు కావలసినది మ్యాచ్ టేబుల్‌లో ఒక వరుస, బైండింగ్‌లో (డివైస్ ట్రీ రాతకు నియమాల ఫైలు) ఒక పేరు. అయితే క్వర్క్ ఉన్న చిప్‌కు సైఫైవ్ ఫాల్‌బ్యాక్ పెట్టకండి. పాత కెర్నెల్ దాన్ని మామూలు ప్లిక్ అనుకుని రెండో సెల్ దగ్గర తడబడుతుంది.

#28 పాతకెర్నెల్
ఎడ్జ్ సంగతి నాకు తెలియక ఫాల్‌బ్యాక్ చెప్పాను. మాధవి గారి మాటే పట్టుకోండి.

#29 కూకట్‌పల్లి_కోడర్
నాలుగు సోర్సుల కోసం నాలుగు వందల వరుసలు రాశారన్నమాట.

#30 బోర్డుబాబు
412. లెక్క పెట్టాను.

#31 రిజిస్టర్_రమణ
ప్యాచ్‌లను ప్రధాన కెర్నెల్‌కు పంపడంలో నా అనుభవం కొంత. బైండింగ్ ప్యాచ్ విడిగా, డ్రైవర్ ప్యాచ్ కన్నా ముందు ఉండాలి. పంపే ముందు డీటీ బైండింగ్ చెక్, డీటీబీఎస్ చెక్ రెండూ నడిపి, ఒక్క హెచ్చరిక కూడా లేకుండా చూసుకోండి. ఆ హెచ్చరికలు మెయింటైనర్ల బాట్‌కు మీకన్నా ముందే కనిపిస్తాయి.

ఇంటరప్ట్ ప్యాచ్‌లు టిప్ ట్రీ (ఇంటరప్ట్‌ల వంటి భాగాల మార్పులు చేరే కెర్నెల్ శాఖ) మీదుగా వెళతాయి కాబట్టి ఆ ట్రీకి ప్రత్యేకంగా రాసిన నియమాల పత్రం కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఉంది, చదవండి. ప్యాచ్ వివరణలో ముందు సందర్భం, తరువాత సమస్య, ఆపైన పరిష్కారం ఉండాలని అది అడుగుతుంది. ఈ ప్యాచ్ ఫలానా పని చేస్తుందని మొదలుపెడితే ఇష్టపడరు. మీ విషయంలో సమస్య అంటే ఎడ్జ్ క్వర్క్ పెట్టాలి అని కాదు. కంప్లీట్ అందేవరకు గేట్‌వే ఎడ్జ్‌లను వదిలేస్తుందని, అందువల్ల పల్స్‌లు పోతున్నాయని రాయాలి. హార్డ్‌వేర్ ప్రవర్తన రాయని వివరణను ఎవరూ రివ్యూ చేయలేరు, ఎందుకంటే మీ బోర్డు వారి బల్ల మీద లేదు.

ఫంక్షన్ మొదట్లో వేరియబుల్‌లను పొడవైన వరుస పైన, పొట్టిది కింద వచ్చేట్టు పేర్చాలన్న నియమం కూడా అందులోదే.

#32 లాజిక్_లలిత
అంటే తలకిందులుగా నిలబెట్టిన గోపురం.

#33 రిజిస్టర్_రమణ
అదే. మొదటిసారి నవ్వుకున్నాను. ఇప్పుడు మామూలుగా రాసిన కోడ్ చూస్తే కళ్లు నొప్పి పెడుతున్నాయి.

#34 అర్ధరాత్రి_బూట్
రివ్యూ చేసేవారి వైపు నుంచి ఒక విన్నపం. బోర్డుబాబు గారి సీనియర్ రాసిన రెండు వాక్యాలూ నిజమే, కాని వాటి వల్ల మూడు వారాలు పోయాయి. ఇఓఐ సమయానికి ఎనేబుల్ బిట్ ఉండదు, స్పెక్‌లో కంప్లీట్ పేరా చూడు అని ఇంకో వాక్యం రాసి ఉంటే ఒక పూటలో అయిపోయేది. నేర్చుకోవాలని అలా వదిలేశానని కొందరు అంటారు. నేర్చుకోవడానికి ఏ పేరా చదవాలో చెప్పినా చాలు, జవాబు చెప్పనక్కర లేదు.

#35 పాతకెర్నెల్
నేను దీనితో సగమే ఏకీభవిస్తాను. రోజుకు పదుల సంఖ్యలో ప్యాచ్‌లు చూసేవారికి ప్రతిదానికీ పేరా సంఖ్య వెతికి ఇచ్చే తీరిక ఉండదు. అయితే సొంత సంస్థలో, పక్క కుర్చీలో ఉన్న మనిషికి ఆ సాకు వర్తించదు.

#36 బోర్డుబాబు
ఆయన చెడ్డవారు కాదు, ఆ వారం ఆయన బోర్డు కూడా చచ్చిపోయి ఉంది.

ఫలితం చెబుతాను. నా డ్రైవర్‌ను మొత్తం తీసేశాను. 2024 సవరణ కూడా ఉండాలని 6.12కు మారి, ప్రధాన డ్రైవర్‌లో మా కంపాటిబుల్ ఒక్కటి చేర్చి, ఎడ్జ్ క్వర్క్ తగిలించాను. అన్నీ కలిపి 14 వరుసలు. ప్రయారిటీ రిజిస్టర్లు నిజంగా రాయగలిగేవేనా అని ముందే 0, 1 రాసి తిరిగి చదివి చూసుకున్నాను, ఎందుకంటే మాస్క్ ఇప్పుడు పూర్తిగా వాటి మీదే ఆధారపడింది. టచ్ పనిచేస్తోంది, థ్రెడ్‌ఐఆర్‌క్యూస్‌తో బూట్ చేసినా కన్సోల్ ఆగడం లేదు, లాక్‌డెప్ మౌనంగా ఉంది. ఎన్‌కోడర్‌ను చేత్తో గంటసేపు తిప్పి చూశాను, హార్డ్‌వేర్ కౌంటర్‌కూ ప్రాక్ ఇంటరప్ట్స్‌కూ తేడా రాలేదు.

ఒక్క అనుమానం మిగిలింది. నా పాత డ్రైవర్‌లో రెండో హార్ట్‌కు ఒక్క ఇంటరప్ట్ కూడా వచ్చేది కాదు, అఫినిటీ (ఇంటరప్ట్ ఏ కోర్‌కు వెళ్లాలన్నది) మార్చినా పరికరం ఆగిపోయేది. కొత్తదానిలో ఏమీ చేయకుండానే వస్తోంది. ఎందుకు?

#37 మ్యూనిచ్_మాధవి
మీ పాత కోడ్‌లో థ్రెషోల్డ్‌ను ఎక్కడ రాస్తున్నారో చూడండి. ప్రోబ్‌లో (డ్రైవర్ మొదలయ్యే ఫంక్షన్‌లో), ఒక్క హార్ట్‌కే రాసి ఉంటారు. థ్రెషోల్డ్‌కు సమానమైన లేదా తక్కువైన ప్రయారిటీ ఉన్న సోర్సు ఆ హార్ట్‌ను చేరదు. రీసెట్ విలువ 0 కాకపోతే, ప్రయారిటీ 1 ఉన్న మీ సోర్సులన్నీ రెండో హార్ట్ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. ప్రధాన డ్రైవర్ ప్రతి సీపీయూ మొదలయ్యే హాట్‌ప్లగ్ కాల్‌బ్యాక్‌లో దాన్ని 0 చేస్తుంది.

#38 బోర్డుబాబు
ప్రోబ్‌లోనే, ఒక్కదానికే. మా బ్లాకులో రీసెట్ విలువ 7 అని లలిత గారి లాంటి వారు ఒకరు ఇప్పుడే చెప్పారు.

#39 లాజిక్_లలిత
ఆ 7 ఎందుకు పెట్టారో కూడా కనుక్కోండి. బూట్ సమయంలో తయారుగా లేని హార్ట్‌కు ఇంటరప్ట్ వెళ్లకూడదని పెట్టి ఉంటారు. దాన్ని 0 చేయమని అడగకండి, ఎర్రర్ బిట్ మాత్రం అడగండి.

#40 బోర్డుబాబు
ఎర్రర్ బిట్‌కు ఈ ఉదయమే టికెట్ పెట్టాను. ప్యాచ్‌లు రెండూ మా సీనియర్ దగ్గరికి వెళ్లాయి. ఈసారి ఒకే వాక్యం వచ్చింది, వేరియబుల్‌ల వరుస తిరగేయమని.